రాజులకు ముందే లేచిన మట్టి: ఉసుమసింటా లోయలో మాయా నాగరికత తొలి శతాబ్దాలు

మెక్సికో ఆగ్నేయ భాగంలో, టబాస్కో రాష్ట్రంలో, గ్వాటెమాలా సరిహద్దుకు దగ్గరగా అగువాడా ఫెనిక్స్ అనే చోటు ఉంది. ఆ ప్రాంతపు స్పానిష్‌లో అగువాడా అంటే వాననీటి కుంట. మెక్సికో, మధ్య అమెరికాల్లో వెలిగిన ప్రాచీన మాయా నాగరికత శిథిలాలు అనగానే మన కళ్ళ ముందు మెదిలే దట్టమైన అడవి అక్కడ లేదు, పశువులు మేసే పచ్చిక బయలు ఉంది. దాని మీద నడిచే మనిషికి కాస్త మెరక నేల మీద ఉన్నానన్న స్పృహ తప్ప మరేమీ కలగదు. ఆ మెరక అంతా మనుషులు మోసి పోసిన మట్టేనని, దాని పొడవు 1,400 మీటర్లు దాటుతుందని, దాన్ని క్రీ.పూ. 1000–800 మధ్య కట్టారని 2020 జూన్‌లో ఒక పరిశోధక బృందం ప్రకటించింది. 2025లో అదే స్థలం గురించి అదే బృందం మరిన్ని వివరాలు వెల్లడించడంతో ఆ పేరు మళ్ళీ వార్తల్లోకి వచ్చింది.

ఈ వార్తలు చదివిన వారికి కొన్ని సందేహాలు రావడం సహజం. మాయా కట్టడాలన్నింటిలోకీ పాతది, పెద్దది ఇదే అంటారు, దాన్ని కట్టించిన రాజు జాడ మాత్రం లేదంటారు. మాయాల కంటే గల్ఫ్ తీరపు ఓల్మెక్‌లు ముందంటారు, ఆ వెంటనే అది తేలలేదంటారు. మూడు వేల ఏళ్ళ నాటి మట్టికి ఇంత కచ్చితంగా తేదీలు ఎలా వేశారో వార్తలో ఉండదు. ఈ సందేహాలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడినవి. ఏది ముందు, ఏది వెనుక అన్న వరుస తెలిస్తే తప్ప మిగతావి విడవు.

నది, లోయ, కాలం పేర్లు

ఉసుమసింటా నది గ్వాటెమాలా ఎత్తైన ప్రాంతాల్లో పుట్టిన పాయలతో మొదలై, కొంత దూరం గ్వాటెమాలా–మెక్సికో సరిహద్దుగా ప్రవహించి, టబాస్కో పల్లపు మైదానాల మీదుగా గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కలుస్తుంది. ఎగువన దీనిలో కలిసే పెద్ద ఉపనది పసియోన్. దిగువన కలిసే మరో ఉపనది శాన్ పెద్రో. ఈ కథలో వచ్చే రెండు ముఖ్యమైన స్థలాల్లో సెయిబాల్ పసియోన్ ఒడ్డున గ్వాటెమాలాలో ఉంది. అగువాడా ఫెనిక్స్ దిగువ మైదానాల వైపు మెక్సికోలో ఉంది. చక్రాల బండి గానీ, బరువు లాగే పశువు గానీ లేని ఆ కాలంలో బరువైన సరుకు దూరం పోవాలంటే నదిలో పడవ మీదో మనిషి వీపు మీదో పోవాలి. ఎగువ కొండల నుంచి దిగువ తీరం దాకా సాగే ఈ నది రెండు వేర్వేరు లోకాలను కలిపే దారి అయింది.

కాలం పేర్ల విషయానికి వస్తే, టికాల్, పాలెంకే వంటి నగరాలు, శిలాశాసనాలు, రాజవంశాలు వెలిగిన క్రీ.శ. 250–900 మధ్య కాలాన్ని క్లాసిక్ యుగం అంటారు. దానికి ముందున్న దాదాపు రెండు వేల ఏళ్ళను ప్రీక్లాసిక్ అంటారు. మనం మాట్లాడుకుంటున్నది ప్రీక్లాసిక్ నడిమి భాగపు తొలి శతాబ్దాల గురించి. ‘ప్రీక్లాసిక్’ అన్న పేరులోనే ఒక చిక్కు ఉంది. అసలు కథ తర్వాత ఎప్పుడో మొదలవుతుందని, ఇది దానికి ఉపోద్ఘాతమని ఆ పేరు సూచిస్తుంది. గత ఇరవై ఏళ్ళ తవ్వకాలు గట్టిగా దెబ్బ కొట్టింది సరిగ్గా ఆ అభిప్రాయాన్నే.

పుస్తకాల్లో ఉండే వరుస

నాగరికత పుట్టుక గురించి చాలాకాలంగా చెప్పుకునే వరుస ఇది: మనుషులు వ్యవసాయం నేర్చారు, దాంతో ఒకచోట స్థిరపడ్డారు, ఊళ్ళు ఏర్పడ్డాయి, గింజలు మిగిలాయి, ఆ మిగులు మీద అధికారం చేసే పెద్దలు పుట్టారు, ఆ పెద్దలు జనం చేత గుళ్ళు, కోటలు కట్టించారు. ఈ వరుసలో పెద్ద కట్టడం చిట్టచివర వస్తుంది. అందువల్ల ఎక్కడ పెద్ద కట్టడం కనిపించినా దాని వెనుక రాజు, దాని చుట్టూ పట్నం ఉండి తీరాలని అనుకోవడం అలవాటైపోయింది.

మాయా పల్లపు ప్రాంతాల్లో ఈ వరుసకు మొదటి నుంచీ కొన్ని ఇబ్బందులు ఉన్నాయి. బెలీజ్ దేశపు దక్షిణ కొండల్లోని రాతి చాటు ఆవాసాల్లో దొరికిన మానవ ఎముకల రసాయన పరీక్షల ప్రకారం, దాదాపు 4,000 ఏళ్ళ క్రితానికే అక్కడి వారికి మొక్కజొన్న ముఖ్యమైన ఆహారమైంది. అదే కాలంలో ఉత్తర బెలీజ్ చిత్తడి నేలల్లో చేపలు పట్టడానికి పొడవైన మట్టి కాలువలు తవ్వుకున్నారు. అయినా ఆ తర్వాత దాదాపు వెయ్యేళ్ళ పాటు ఆ నేల మీద కుండలు లేవు, గట్టి ఇళ్ళు లేవు. తిండి గింజ ఉన్నంత మాత్రాన ఊరు దానంతటదే పుట్టదని దీన్ని బట్టి తెలుస్తోంది.

సెయిబాల్: ఇళ్ళ కంటే ముందు వచ్చిన ఆవరణ

సెయిబాల్‌లో 1960లలో గోర్డన్ విలీ నాయకత్వంలో హార్వర్డ్ బృందం తవ్వకాలు జరిపి, అక్కడి తొలి కుండపెంకులు చాలా పాతవని గుర్తించింది. 2005 నుంచి అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన తకేషి ఇనొమాటా, డానియేలా ట్రియాడాన్, వారి గ్వాటెమాలా సహచరులు అదే స్థలంలో మళ్ళీ దిగారు. ఈసారి పై కట్టడాలతో ఆగకుండా, నడిమి ఆవరణలో లోతైన గుంటలు తీసి సహజమైన నేల తగిలే వరకూ వెళ్ళారు.

అడుగున వారికి కనిపించింది ఒక క్రమమైన అమరిక. మెత్తని సున్నపు మట్టి నేలను చదును చేశారు. పడమట ఒక దిబ్బ, తూర్పున ఉత్తర దక్షిణాలుగా సాగిన పొడవాటి అరుగు, రెంటి మధ్య ఖాళీ ఆవరణ. ఇలాంటి అమరికను ‘ఈ–గ్రూప్’ అంటారు. గ్వాటెమాలాలోని వషక్తూన్ శిథిలాల్లో ఇంగ్లీషు ‘E’ అక్షరంతో గుర్తించిన కట్టడాల సముదాయం నుంచి ఆ పేరు వచ్చింది. సెయిబాల్‌లో ఇది క్రీ.పూ. 950 ప్రాంతంలో మొదలైంది. ఆవరణ నడుమ గుంటలు తీసి, నున్నగా సానపట్టిన పచ్చరాతి గొడ్డళ్ళను పాతిపెట్టారు. కొన్ని చోట్ల వాటిని శిలువ ఆకారంలో పేర్చారు. ఆ గొడ్డళ్ళలో చాలావాటికి చెట్టు నరికిన గుర్తులు లేవు. అవి పనిముట్లుగా కాక సమర్పణలుగానే నేలలోకి వెళ్ళాయి.

మరి ఇళ్ళు? ఇక్కడే వరుస తలకిందులైంది. ఆవరణ కట్టిన తర్వాత కూడా శతాబ్దాల పాటు అక్కడి వారిలో చాలామంది నేలలో గుంజలు పాతిన తేలికపాటి పాకల్లో ఉంటూ, తరచూ చోటు మారుస్తూ బతికారు. పెద్దరికం సంపాదిస్తున్న కొన్ని కుటుంబాలు గట్టి నివాస సముదాయంలో ఉండటం క్రీ.పూ. 700 నాటికి కనిపిస్తుంది. ఒకే చోట మళ్ళీ మళ్ళీ ఇల్లు కట్టుకోవడం, చనిపోయిన వారిని ఇంటి నేల కిందే పాతిపెట్టడం క్రీ.పూ. 500 వరకూ చాలా నివాసాల్లో లేదు, అది మామూలు సంగతి అయ్యేసరికి క్రీ.పూ. 300 వచ్చింది. అంటే ఉమ్మడి ఆవరణకూ అందరూ స్థిరపడిన ఊరికీ మధ్య ఆరు వందల ఏళ్ళకు పైగా అంతరం ఉంది.

పురావస్తు శాస్త్రంలో ఇంటి కింది సమాధికి ఇంత విలువ ఎందుకంటే, మా తాతలు ఈ నేలలో ఉన్నారు, కాబట్టి ఈ నేల మాది అనే మాటకు అది మట్టిలో మిగిలిన సాక్ష్యం. ఆ మాట అనుకోవడానికి అన్ని శతాబ్దాలు తీసుకున్న మనుషులు, అంతకు ఎంతో ముందే అందరూ కలిసి ఒక ఆవరణ కట్టుకున్నారు. నాకు ఈ మొత్తం పరిశోధనలో అన్నింటికంటే విలువైన సంగతి ఇదే అనిపిస్తుంది.

కంటికి ఆనని వేదిక

సెయిబాల్ ఫలితాల తర్వాత అదే బృందం ఉసుమసింటా దిగువ భాగం వైపు చూపు తిప్పింది. అక్కడ ఉపయోగపడిన సాధనం లైడార్. విమానం నుంచి నేల మీదికి క్షణానికి లక్షల సంఖ్యలో లేజర్ కిరణాలు పంపి, అవి తాకి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి ఎత్తు లెక్కగడతారు. కిరణాల్లో చాలావరకు ఆకుల మీదే ఆగిపోతాయి. సందుల్లోంచి కొన్ని నేలను తాకుతాయి. ఆ కొన్నింటినే ఏరి కలిపితే చెట్లన్నీ తీసేసిన నేల ఆకృతి కనిపిస్తుంది.

టబాస్కో నేలలో అసలు అడ్డంకి చెట్లు కావు, పరిమాణం. కిలోమీటరుకు పైగా పొడవున్న చదునైన మెరకను దాని మీద నిలబడి గుర్తుపట్టడం కష్టం, అంచు కూడా వాలుగా ఉండి సహజమైన గుట్టలాగే కనిపిస్తుంది. మెక్సికో ప్రభుత్వ గణాంక, భూగోళ సంస్థ తన అవసరాల కోసం తీయించిన తక్కువ స్పష్టత గల లైడార్ సమాచారంలో ఆ దీర్ఘచతురస్రం మొదట కంటపడింది. ఆ తర్వాత ప్రత్యేకంగా ఎక్కువ స్పష్టతతో మళ్ళీ తీయించి, తవ్వకాలు చేశారు.

కొలతలు ఇవి: ఉత్తర దక్షిణాలుగా 1,413 మీటర్లు, తూర్పు పడమరలుగా 399 మీటర్లు, ఎత్తు 10 నుంచి 15 మీటర్లు. దాని నుంచి బయలుదేరే తొమ్మిది కట్టదారులు, అంటే గట్టులా ఎత్తు చేసిన బాటలు, ఉన్నాయి. వేదిక మీద ఈ–గ్రూప్ అమరిక ఉంది. గుంటలు తీసినప్పుడు లోపలి మట్టి ఒకే రంగులో లేదు. వేర్వేరు రంగుల మట్టిని పక్కపక్కన గళ్ళుగళ్ళుగా నింపిన తీరు కనిపించింది. ఒక్కో గడిని ఒక్కో జట్టు లేదా ఒక్కో ఊరివారు తమ మట్టితో నింపి ఉండవచ్చని తవ్వినవారి ఊహ. నింపాక పైన మరో పొర వేస్తే ఆ గళ్ళు ఎవరికీ కనిపించవు. అయినా అంత జాగ్రత్తగా నింపారు.

ఎంతమంది, ఎన్నాళ్ళు?

వేదిక ఘనపరిమాణం 32 లక్షల నుంచి 43 లక్షల ఘనపు మీటర్లని, దానికి కోటి నుంచి కోటి ముప్ఫై లక్షల పనిదినాలు పట్టి ఉంటాయని పరిశోధకుల అంచనా. గీజాలోని మహా పిరమిడ్ ఘనపరిమాణం సుమారు 26 లక్షల ఘనపు మీటర్లు. చెక్కిన రాయికీ పోసిన మట్టికీ శ్రమలో పోలిక లేదు కాబట్టి ఈ తులనను పరిమాణం వరకే తీసుకోవాలి.

ఈ అంకెలు చూడగానే వేలాది బానిసలు, కొరడాలు గుర్తుకు రావచ్చు. లెక్క వేసి చూద్దాం. పనిదినాలను ఘనపరిమాణంతో భాగిస్తే ఒక ఘనపు మీటరుకు దాదాపు మూడు రోజుల పని. ఘనపు మీటరు మట్టి టన్నున్నర ఉంటుందని, తట్టకు 25 కిలోలు పడుతుందని అనుకుంటే మొత్తం అరవై తట్టలు. తవ్వడం, మోయడం, దిమ్మిస కొట్టడం అన్నీ కలిపి మనిషికి రోజుకు ఇరవై తట్టలు. గట్టి పనే, అసాధ్యం మాత్రం కాదు.

ఇప్పుడు కోటి పనిదినాలను కాలం మీద పరుద్దాం. పని రెండు వందల ఏళ్ళు సాగితే ఏడాదికి 50,000 పనిదినాలు చాలు. వానలు లేని నెలల్లో వెయ్యిమంది ఏటా యాభై రోజులు కలిసి పనిచేస్తే అది పూర్తవుతుంది. అదే పని నలభై ఏళ్ళలో ముగించాలంటే ఏటా యాభై రోజులకు ఐదు వేల మంది కావాలి. పదేళ్ళలో అయితే ఇరవై వేల మంది. మొదటి లెక్కకు చుట్టుపక్కల సంచార కుటుంబాలు ఏటా ఒకసారి చేరే జాతర లాంటి కూడిక సరిపోతుంది. మూడో లెక్కకు గట్టి పెత్తనం, తిండి సరఫరా, లెక్కాపత్రం అవసరమవుతాయి. కట్టడం ఎంత పెద్దదన్న దానికంటే ఎంత కాలంలో లేచిందన్నదే సమాజ స్వరూపాన్ని చెబుతుంది. అందుకే తేదీలు ఇక్కడ ప్రాణం.

తేదీలు ఎలా తేలుతాయి, ఎందుకు తప్పుతాయి

బతికున్న మొక్క గాలిలోని రేడియోకార్బన్‌ను, అంటే కాలంతో తరిగిపోయే ఒక రకం కార్బన్‌ను, తీసుకుంటుంది. చనిపోయాక అది తరగడం మొదలవుతుంది. 5,730 ఏళ్ళకు సగమవుతుంది. తవ్వకంలో దొరికిన బొగ్గులో ఎంత మిగిలిందో కొలిస్తే వయసు వస్తుంది. చెప్పుకోవడానికి ఇంత సులువు. చిక్కేమిటంటే గాలిలో రేడియోకార్బన్ అన్ని కాలాల్లో ఒకే మోతాదులో లేదు. అందుకని చెట్ల వార్షిక వలయాలతో తయారుచేసిన పట్టికతో పోల్చి సరిచేయాలి.

ఆ పట్టికలో క్రీ.పూ. 800–400 మధ్య భాగం దాదాపు చదునుగా ఉంటుంది. అంటే ఆ నాలుగు వందల ఏళ్ళలో ఎప్పుడు నరికిన కొమ్మ అయినా పరీక్షలో ఇంచుమించు ఒకే అంకె చూపుతుంది. ఉదాహరణకు, పరీక్ష 2,450 ఏళ్ళు అని చెబితే, సరిచేశాక అది సుమారు క్రీ.పూ. 750 నుంచి 410 వరకూ ఎక్కడైనా కావచ్చు. మాయా ఊళ్ళు రూపుదిద్దుకున్న కాలం సరిగ్గా ఈ చదును భాగంలో పడటం పరిశోధకుల దురదృష్టం.

దీనికి విరుగుడు, ఒక్క బొగ్గు ముక్కను నమ్మకపోవడం. కింది పొర పై పొర కంటే పాతదని మనకు ముందే తెలుసు. పొరల వరుసనూ, ఎన్నో నమూనాల ఫలితాలనూ కలిపి గణితంతో సరిచూస్తే ఒక్కో తేదీకి ఉన్న వెడల్పు తగ్గుతుంది. సెయిబాల్‌కు 2017లో ప్రకటించిన కాలక్రమం వెనుక 154 రేడియోకార్బన్ తేదీలు ఉన్నాయి. అగువాడా ఫెనిక్స్‌కు 2020లో 69 ఉన్నాయి.

ఒక్కో తేదీ మీద ఆధారపడితే ఏమవుతుందో ఉత్తర బెలీజ్‌లోని క్వెయో చెబుతుంది. 1970లలో నార్మన్ హామండ్ బృందం అక్కడి తొలి పొరలు క్రీ.పూ. 2500 ప్రాంతానివని ప్రకటించింది. మాయా గ్రామ జీవితం ఒక్కసారిగా వెయ్యేళ్ళకు పైగా వెనక్కి వెళ్ళిపోయింది. కొత్త నమూనాలు, మళ్ళీ చేసిన పరీక్షలు వచ్చాక ఆ తొలి తేదీ క్రీ.పూ. 1200–1000 ప్రాంతానికి దిగింది. ఆ సవరణలో హామండ్ తానే పాలుపంచుకున్నారు. తన పేరు తెచ్చిన తేదీని తానే వదులుకోవడం గౌరవించదగిన సంగతి.

సూర్యుడు, 260 రోజులు

ఈ–గ్రూప్ కట్టడాలకు సూర్యోదయంతో సంబంధం ఉందని 1924లోనే ఫ్రాన్స్ బ్లోమ్ అనే పురావస్తు శాస్త్రవేత్త వషక్తూన్‌లో ప్రతిపాదించారు. పడమటి దిబ్బ మీద నిలబడితే తూర్పు అరుగు కొసల మీద, నడుమ సూర్యుడు ఆయా రుతువుల్లో ఉదయిస్తాడని ఆయన ఊహ. చాలా ఈ–గ్రూప్‌లు ఆ లెక్కకు సరిగా కుదరకపోవడంతో అది తర్వాత వివాదమైంది.

లైడార్ ఆ వివాదానికి పెద్ద సంఖ్యలో కొలతలు అందించింది. 2021లో ఇనొమాటా బృందం ఓల్మెక్ ప్రాంతంలోనూ, మాయా పల్లపు నేలల పడమటి భాగంలోనూ కలిపి 478 కట్టడ సముదాయాలను గుర్తించింది. వాటిలో 415 ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయో ఇవాన్ ష్ప్రైట్స్, ఇనొమాటా, ఆంథొనీ అవేనీ లెక్కించి 2023లో ప్రకటించారు. ఎక్కువగా కనిపించిన దిశలో సూర్యుడు ఉదయించేది ఫిబ్రవరి 11న, అక్టోబరు 29న. పాఠకులు క్యాలెండర్ తీసి లెక్కపెట్టవచ్చు, ఈ రెండు తేదీల మధ్య సరిగ్గా 260 రోజులు. మెసోఅమెరికా (మెక్సికో, మధ్య అమెరికాల ప్రాచీన నాగరికతల ప్రాంతం) అంతటా వాడిన పవిత్ర పంచాంగం కూడా 260 రోజులదే, పదమూడు అంకెలు ఇరవై రోజుల పేర్లతో జతపడి తిరిగే చక్రం. ఆ పంచాంగానికి రాతలో దొరికిన తొలి ఆనవాళ్ళలో ఒకటి గ్వాటెమాలాలోని శాన్ బార్తోలో గోడ ముక్క మీద ఉన్న ‘7 జింక’ అనే రోజు పేరు. అది క్రీ.పూ. 300–200 నాటిది. కట్టడాల దిశలు నిజంగా ఈ లెక్కతోనే పెట్టినవైతే, రాతకు ఎన్నో శతాబ్దాల ముందే పంచాంగం నేల మీద ఉంది.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక దగ్గరి ఆధారం ఉంది. అగువాడా ఫెనిక్స్ ఇంచుమించు హైదరాబాదు అక్షాంశం మీదే ఉంది. మే రెండో వారంలో, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం హైదరాబాదులో నిలబెట్టిన కర్రకు నీడ పడని రోజులు వస్తాయి. అక్కడా ఇంచుమించు అవే రోజుల్లో సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అక్కడి వానాకాలం కూడా మే నెలతోనే దగ్గరపడుతుంది. సూర్యుణ్ణి చూసి విత్తు వేసే అదను లెక్కగట్టడం ఆ అక్షాంశంలో ఎవరికైనా తోచే పని.

ఓల్మెక్‌లు తల్లులా, తోబుట్టువులా?

మాయా ప్రాంతానికి పడమట, గల్ఫ్ తీరంలో ఓల్మెక్‌లు అని మనం పిలుచుకునే వారు అంతకు ముందే పెద్ద కేంద్రాలు కట్టారు. శాన్ లొరెన్సో క్రీ.పూ. 1400–1150 మధ్య వెలిగింది. దూరపు కొండల నుంచి తెచ్చిన టన్నుల బరువైన రాళ్ళతో చెక్కిన మహాశిరస్సులు పది అక్కడ దొరికాయి. అవి పాలకుల ముఖాలని చాలామంది అంగీకరిస్తారు. ఆ తర్వాతి కేంద్రం లా వెంటా.

ఒక వర్గం ఓల్మెక్‌లను ‘తల్లి సంస్కృతి’ అంటుంది. దేవతల రూపాలు, ఆవరణల పథకం, రాజరికం అన్నీ అక్కడ పుట్టి చుట్టూ పాకాయని వారి వాదన. రెండో వర్గం ఓల్మెక్‌లూ, మాయాలూ, దక్షిణ మెక్సికోలోని వహాకా లోయ వారూ తోబుట్టువుల్లా ఏకకాలంలో ఎదిగి ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకున్నారంటుంది.

సెయిబాల్ తేదీలు మొదట రెండో వాదానికి బలమిచ్చాయి. లా వెంటా పెద్ద కేంద్రంగా ఎదిగింది క్రీ.పూ. 800 తర్వాత. సెయిబాల్ ఆవరణ అంతకు నూట యాభై ఏళ్ళ ముందుది. కాబట్టి లా వెంటా నుంచి నేర్చుకుని సెయిబాల్ కట్టారనడం కుదరదు. అయితే శాన్ లొరెన్సో సెయిబాల్ కంటే ముందుది, అందుకని మాయాలు తమంతట తామే కనిపెట్టారనడమూ కుదరదు. 2021 లైడార్ చిత్రాల్లో శాన్ లొరెన్సోలోనే అంతకుముందు ఎవరూ గుర్తించని పెద్ద దీర్ఘచతురస్ర ఆవరణ బయటపడింది. దాని అంచుల వెంట ఇరవై చిన్న అరుగులు ఉన్నాయి. ఇరవై ఆ పంచాంగపు మూల సంఖ్య. దాంతో తూకం మళ్ళీ కొంత పడమటికి ఒరిగింది.

ఇప్పటి ఆధారాలను బట్టి చూస్తే, ఆవరణ పథకం శాన్ లొరెన్సో వైపు నుంచి వచ్చి ఉండవచ్చు. దాన్ని పెద్ద ఎత్తున పెంచి, ఈ–గ్రూప్‌తో కలిపి, రాజముఖాలు తీసేసి కట్టింది మాత్రం ఉసుమసింటా లోయవాసులు. తల్లి, తోబుట్టువు అన్న రెండు పోలికలూ ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి సరిపోవని నా అభిప్రాయం. ఒక పంటకాలువ నీరు పది ఊళ్ళ గుండా పారుతూ ప్రతి ఊళ్ళోనూ కొంత మలుపు తీసుకున్నట్టు ఈ పథకం సాగింది.

వీళ్ళు మాయాలేనా అన్న ప్రశ్న కూడా తెగలేదు. అగువాడా ఫెనిక్స్ కుండలు సెయిబాల్ తొలి కుండలను పోలి ఉన్నాయి. అందువల్ల మాయా భాష మాట్లాడినవారని పరిశోధకులు మొగ్గుతున్నారు. కుండకు భాష ఉండదు, రాత ఇంకా పుట్టలేదు. ఓల్మెక్‌లది మిహే–సోకే కుటుంబపు భాష అని పలువురి నమ్మకం. ఇప్పుడు ప్రపంచమంతా వాడే ‘కోకో’కు మూలమైన ‘కకావ్’ అన్న మాట ఆ భాషల నుంచే మాయా భాషల్లోకి వచ్చిందని 1970ల నుంచీ ఒక వాదం ఉంది, దాన్ని ఒప్పుకోనివారూ ఉన్నారు.

రాజు లేకుండా కట్టారా?

అగువాడా ఫెనిక్స్‌లో పాలకుడి విగ్రహం దొరకలేదు. రాజభవనం అనదగ్గ కట్టడం లేదు. దొరికిన శిల్పం ఒకటి సున్నపురాతితో చెక్కిన చిన్న జంతువు, అడవిపందిలా ఉండే పెకరీ కావచ్చు. తవ్వినవారు దానికి ‘చోకో’ అని ముద్దుపేరు పెట్టారు. దీన్ని బట్టి ఇనొమాటా బృందం, గట్టి అధికార వ్యవస్థ లేకుండానే, ఉమ్మడి నమ్మకాలతో జనం తమంతట తాము కూడి కట్టారని భావిస్తోంది. దిశలు, పంచాంగం తెలిసిన పెద్దలు దారి చూపి ఉండవచ్చు, జనం చేత బలవంతంగా చేయించే శక్తి వారికి లేదంటోంది.

అభ్యంతరాలూ బలమైనవే. విగ్రహం లేకపోవడం పాలకుడు లేకపోవడానికి రుజువు కాదు. చెక్క సింహాసనం, ఈకల కిరీటం ఆ తడి నేలలో మిగలవు. ఇంత పెద్ద పథకాన్ని గీసి, దిశ తప్పకుండా, తరాల తరబడి నడిపించినవారికి మాట చెల్లుబాటు ఉండి ఉండాలి. పచ్చరాయి గ్వాటెమాలాలోని దూరపు మొతాగ్వా లోయ నుంచి వస్తుంది, అది అందరి చేతుల్లోకీ సమానంగా చేరదు. తవ్వింది మొత్తం వేదికలో అతి చిన్న భాగమే అన్నది మరో అభ్యంతరం. పై లెక్క చూపినట్టు, పని రెండు వందల ఏళ్ళు మెల్లగా సాగితే మొదటి వాదం తేలికగా నిలుస్తుంది. కొన్ని దశాబ్దాల్లో విడతలుగా లేచి ఉంటే రెండో వాదానికి చోటు పెరుగుతుంది.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఉసుమసింటా కథ మాయా ప్రాంతమంతటి కథ కాదు. బెలీజ్ నది లోయలో కహాల్ పెచ్, బ్లాక్‌మన్ ఎడ్డీ వంటి చోట్ల దాదాపు ఇదే కాలంలో చిన్న ఊళ్ళు కనిపిస్తాయి. కహాల్ పెచ్‌లో బెలీజ్ పురావస్తు శాస్త్రవేత్త జైమీ ఆవే బయటపెట్టిన ‘కునిల్’ అనే రకం కుండలు మాయా పల్లపు నేలల్లోని తొలి కుండలలోకి వస్తాయి. బ్లాక్‌మన్ ఎడ్డీలో ఒక దిబ్బను బుల్డోజర్ నిలువునా కోసేసింది. చరిత్రకు జరిగిన ఆ నష్టమే తవ్వకందార్లకు నిలువు కోతను చూపింది. అడుగున గుంజలు పాతిన ఇంటి గుర్తులు, వాటిపై అరుగు, దానిపై మరింత ఎత్తైన అరుగు, అలా వందల ఏళ్ళు. ఇక్కడ ఇల్లే మెల్లగా ఉమ్మడి కట్టడంగా పెరిగింది. ఒకే శతాబ్దాల్లో, ఒకే విధమైన పంటతో, పక్కపక్క లోయల్లో రెండు వేర్వేరు దారులు.

శిలువ గుంట, ఆగిన కాలువ

2025లో వెల్లడైన వివరాలు అగువాడా ఫెనిక్స్ ఆవరణ నడిబొడ్డుకు తీసుకెళ్తాయి. అక్కడ శిలువ ఆకారపు గుంటలో పచ్చరాతి వస్తువులు దొరికాయి. వాటిలో ఒకటి మొసలి, ఒకటి పక్షి, ఒకటి ప్రసవిస్తున్న స్త్రీలా కనిపిస్తుంది. అడుగున మరో చిన్న శిలువ గుంట. అందులో ఉత్తరం వైపు నీలం, తూర్పు వైపు ఆకుపచ్చ, దక్షిణం వైపు పసుపు రంగు ఖనిజాల పొడులు. తర్వాతి కాలపు మాయా సంప్రదాయంలో తూర్పు ఎరుపు, ఉత్తరం తెలుపు, పడమర నలుపు, దక్షిణం పసుపు. రంగుల్లో కుదిరింది దక్షిణం ఒక్కటే. దిక్కుకో రంగు అన్న ఆలోచన మాత్రం అంత పాతది.

వేదిక నడిమి గీత సూర్యుడు అక్టోబరు 17న, ఫిబ్రవరి 24న ఉదయించే దిశకు తిరిగి ఉంది. ఆ రెండింటి మధ్య 130 రోజులు, అంటే 260లో సగం. శిలువ ఆకారం గుంటతో ఆగలేదు. కట్టదారులు, కాలువలు కలిసి అదే ఆకారాన్ని కిలోమీటర్ల పొడవున నేల మీద గీశాయి. ఒక్కో దారి పొడవు తొమ్మిది, ఏడున్నర కిలోమీటర్లు. కాలువలు కొన్నిచోట్ల 35 మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల లోతు. వాటికి సరస్సు నీరు మళ్ళించడానికి ఒక ఆనకట్ట మొదలుపెట్టారు. ఆ పని పూర్తికాలేదు. క్రీ.పూ. 750–700 ప్రాంతంలో జనం ఆ చోటు విడిచి వెళ్ళిపోయారు. పసియోన్ ఒడ్డున సెయిబాల్‌లో ఆ కాలానికే కొన్ని కుటుంబాలు గట్టి ఇళ్ళు కట్టుకుంటున్నాయి, ఆవరణ పడమటి దిబ్బ పిరమిడ్‌గా ఎత్తు పెరుగుతోంది.